ఊపిరితిత్తుల శస్త్రచికిత్స పిమ్మట ఆయాసము

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగము)



ఆరోగ్యవిషయమున నొక ప్రసంగము చేయవలెనని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను మధుమేహమును గూర్చియో రక్తపుపోటును గూర్చియో మాట్లాడుదునని వారు తలచియుందురు. ఆ రెండింటిని గూర్చి మీరందరు ఇదివరకే చాలినంత వినియున్నారు. నేను వేరొక విషయము నెన్నుకొంటిని. రాజధానిలో కాపురముండు మన ఉద్యోగుల యిండ్లు సగము ధర్మసత్రములు. స్వగ్రామమున వ్యాధి ముదిరిన బంధువు, ఢిల్లీలో పెద్ద ఆసుపత్రు లున్నవని మన యింటికి వచ్చును. శస్త్రచికిత్స యైన వారము పదిదినములకు ఆసుపత్రివారు ఇక ఇంటికి పొండందురు. ఆ యిల్లు మన క్వార్టరే. మూడవ అంతస్తు, లిఫ్టు లేదు. ఊపిరితిత్తిలో కొంత భాగము తీసివేయబడిన మనుష్యుడు అందు మంచముమీద కూర్చుండి రొప్పుచుండగా, ఇంటిల్లిపాది చుట్టు నిలిచి, ఏమి చేయవలెనో తోచక చూచుచుందురు. ఆ గదిలోనివారికి పనికివచ్చు మాటలు కొన్ని చెప్పవలెనని నా కోరిక. ఛాతీ వార్డులలో చాలకాలము మెలగినవాడను గనుక ఈ సాహసము చేయుచున్నాను.

ఊపిరితిత్తులు రెండని అందరెరుగుదురు. అవి సమానములు కావని కొందరే యెరుగుదురు. కుడిదానికి మూడు తమ్మెలు. గుండెకు చోటిచ్చి తాను కొంత తగ్గిన యెడమదానికి రెండు. చెవితమ్మె యన్నట్లే ఇదియు; డాక్టర్లు లోబ్ అందురు. గొంతునుండి దిగిన గాలిగొట్టము చెట్టుకొమ్మవలె చీలి చీలి, తుదకు కంటికి కానరాని గాలిగదులుగా ముగియును. పెద్దవారిలో ఆ గదులు సామాన్యముగా 30 కోట్లకు తక్కువ యుండవు. వాని గోడలన్నియు విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్య మగునని లెక్క. మనలో చాలమంది క్వార్టరు అంత విశాలమైనది కాదు! ఊరక కూర్చున్నప్పుడు మనకు ఇందులో కొద్దిభాగముతోనే పని. మిగిలినది ప్రావిడెంటు ఫండు సొమ్మువంటిది. మెట్లెక్కినప్పుడు, పరుగెత్తినప్పుడు, జ్వరము వచ్చినప్పుడు తీసి వాడుకొందుము.

ఆ నిలువలో కొంత వైద్యుడు కోసి తీసివేయవలసి వచ్చు సందర్భములు పెక్కు గలవు. పుట్టకురుపు ఒక హేతువు. మన దేశమున క్షయ మిగిల్చిపోయిన శిథిలము మరియొక పెద్ద హేతువు: మందులతో క్షయ నయమైనను, పాడుపడిన తమ్మెలో బూజు పట్టి నెత్తురు పడుచుండుట, చీము నిలుచుట మొదలగునవి. ఒక తమ్మెను తీయుట లోబెక్టమీ. ఒక ప్రక్క తిత్తి నంతయు తీయుట న్యుమొనెక్టమీ. ప్రక్కటెముకల నడుమ పెద్ద కోతకోసి చేయుట పాతపద్ధతి. చిన్న రంధ్రములు చేసి, కెమేరా లోనికి పంపి చేయుట నేటి పద్ధతి. రెండును నేడు వాడుకలో నున్నవి.

తిత్తి తీసివేసిన మనుష్యుడు బ్రతుకునా యని అడుగువారికి నేను చెప్పు కథ యొకటి కలదు. 1933లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎవర్ట్స్ గ్రాహం అను శస్త్రవైద్యుడు, పుట్టకురుపు సోకిన ఒక ప్రక్క ఊపిరితిత్తిని ఒకే విడతలో సమూలముగా తీసివేసి కృతార్థు డయ్యెను. ఆ రోగియు వైద్యుడే. జేమ్స్ గిల్మోర్ అను ప్రసూతివైద్యుడు. ఒక్క తిత్తితో ఆయన మరల తన వృత్తిలో ప్రవేశించి, 30 సంవత్సరములు జీవించి, 1963లో గతించెను. ఆయనను కాపాడిన గ్రాహం మాత్రము చిరకాలము సిగరెట్లు త్రాగినవా డగుటచే అదే వ్యాధివలన 1957లోనే మరణించెను. పొగత్రాగుటకును ఊపిరితిత్తుల పుట్టకురుపునకును గల సంబంధమును 1950లో వైండర్‌తో కలిసి ప్రకటించినవాడును ఆయనయే. ఈ కథలో రెండవ భాగమును, సభ ముగిసిన పిమ్మట వరండాలోనికి పోయి అగ్గిపుల్ల గీయదలచిన సోదరుల ఆలోచనకు విడుచుచున్నాను.

కాబట్టి నిలువ తగ్గినంత మాత్రమున బ్రతుకు తగ్గదు. ఒక తమ్మె తీసిన తరువాత మొదటి వారములలో శ్వాసశక్తి బాగుగా పడిపోవును. క్రమముగా మిగిలిన తమ్మెలు సాగి ఖాళీని ఆక్రమించుకొనును. మూడునుండి ఆరు మాసములలో నష్టము నూటికి పది పదునైదు పాళ్లకు దిగుట సామాన్యముగా చూచుచున్నాము. ప్రక్క యంతయు తీసినచో సుమారు మూడవవంతు నష్టము నిలిచిపోవును. ఇవి సగటు మాటలు. పూర్వమే పొగచేతనో ఉబ్బసముచేతనో తిత్తులు చెడియున్న వారి లెక్క వేరు.

మరి ఆ మొదటి వారముల ఆయాస మేల? తీసివేసిన భాగము ఒక కారణము మాత్రమే. చాలమందిలో అది పెద్ద కారణము కూడ కాదు. పెద్ద కారణము నొప్పి. ప్రక్కటెముకల క్రింద నరములు పోవుచుండును. వైద్యుడు ఎముకలను ఎడముచేసినప్పుడు అవి నలుగును. ఊపిరి పీల్చిన ప్రతిసారి ఎముకలు కదలును, కదలినప్పుడెల్ల నొప్పి. అందుచేత రోగి తనకు తెలియకుండగనే పైపైన చిన్న చిన్న ఊపిరులు పీల్చుట కలవాటు పడును. దగ్గు వచ్చినను బిగబట్టును. గాలి చొరని క్రిందిగదులు, వాడని సంచులవలె ముడుచుకొని యతుకుకొనును. కదలని కళ్ళె అందు నిలువయగును. నిలువయైన కళ్ళెలో క్రిములు పెరుగును; నిమోనియా వచ్చును. ఆయాస మధికమగును, ఆయాస మధికమైనకొలది రోగి మరింత కదలకుండును. ఈ గొలుసును ఎచ్చటనో యొకచోట త్రెంచవలెను. త్రెంచుటకు వీలైన మొదటి కడియము నొప్పియే.

ఇచ్చట మనవారి స్వభావమును గూర్చి ఒక మాట. నొప్పిమాత్ర మింగుట పిరికితనమనియు, మాత్రలు అలవాటై పోవుననియు తలచు పెద్దలు మన యిండ్లలో నున్నారు. “ఓర్చుకొందును లెమ్ము” అని మాత్రను దిండుక్రింద దాచినవారిని నే నెరుగుదును. ఈ శస్త్రచికిత్సలో నొప్పి నోర్చుకొనుట గొప్ప కాదు, నష్టము. మాత్ర నొప్పి పోగొట్టుటకు మాత్రమే గాక ఊపిరి నిండుగ పీల్చుటకును, దగ్గుటకును ఇచ్చుచున్నారు. వేళకు వేసికొని, అరగంట యైన తరువాత శ్వాసవ్యాయామము చేయవలెను. బలమైన నొప్పిమందులు మలబద్ధకము కలిగించును, మగతను తెచ్చును. మొదటిదానికి పండ్లు, నీరు, అవసరమైనచో విరేచనపు మందు. రెండవది హెచ్చినచో వెంటనే వైద్యునితో చెప్పవలెను, ఏలయనగా అతిమగత ఊపిరినే మందగింపజేయును.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. ఊపిరితిత్తుల జబ్బనగానే మన పెద్దల మనసులో మెదలు మాట విశ్రాంతి. దీనికి చరిత్ర కలదు. మందులు లేని కాలమున క్షయకు విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, ఇవే చికిత్స. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో తెరచిన శానిటోరియమునకు దక్షిణదేశ మంతటినుండి రోగులు పోయి, నెలల తరబడి మంచములపై శయనించియుండిరి. “మదనపల్లె పోయినాడు” అనిన చాలును, జబ్బు పేరు చెప్పనక్కరలేకుండెను. ఆ కాలమునకు వారు చేసినది దొడ్డపని. పిదప మందులు వచ్చెను. 1956లో మద్రాసున ప్రారంభమైన క్షయ పరిశోధన కేంద్రమువారు కొందరు రోగులను శానిటోరియములోను, కొందరిని వారి బీదయిండ్లలోనే యుంచియు ఒకే మందులిచ్చి చూచిరి. ఇండ్లలో నున్నవారికి తిండి తక్కువ, పని యెక్కువ, గదులు ఇరుకు. ఐనను ఒక సంవత్సరమునకు ఫలితము రెండుచోట్లను ఇంచుమించు సమానముగా నుండెనని 1959లో ప్రకటించిరి. ఆ పరిశోధన ప్రపంచమున క్షయచికిత్స దారినే మార్చెను. కాని మన యిండ్లలో విశ్రాంతిపై గల భక్తి మాత్రము తగ్గలేదు. తాతగారికి క్షయలో మేలుచేసిన మంచమే తండ్రిగారికి శస్త్రచికిత్స పిమ్మటను మేలుచేయునని మనము నమ్ముచున్నాము. ఇది తలక్రిందుల నమ్మకము. కోతపడిన తిత్తి కదలికచేతనే విప్పారును.

పడుకొన్నవాని ఊపిరితిత్తి కూర్చున్నవాని తిత్తికంటె తక్కువగా విచ్చును. కడుపులోని బరువు ఉదరవితానమును పైకి నెట్టుటయే కారణము. కూర్చున్నదానికంటె నడచినప్పుడు ఊపిరి లోతుగా పోవును. అందుచేతనే నేటి వార్డులలో శస్త్రచికిత్స యైన మరునాడే, కొన్నిచోట్ల ఆ సాయంకాలమే, రోగిని కుర్చీలో కూర్చుండబెట్టి, ప్రక్కన గొట్టము, సీసా వ్రేలాడుచుండగనే నాలుగడుగులు నడిపింతురు. చూడవచ్చిన బంధువులు దీనిని క్రౌర్య మనుకొందురు. ఒక వృద్ధురాలు నర్సును పట్టుకొని, “నీకు తండ్రి లేడా అమ్మా?” అని యడుగగా విన్నాను. ఆ నర్సు ఏమియు ననక ఆమె భర్తను ఇంకొక పదియడుగులు నడిపించెను.

ఒక ఉదాహరణ చెప్పుదును. లెక్కల కార్యాలయమున పనిచేసి విశ్రాంతి తీసికొన్న పెద్దమనుష్యు డొకరు. కుడిప్రక్క పై తమ్మె తీసివేసిరి. ఆసుపత్రిలో చక్కగా నడచినవారు ఇల్లు చేరగానే కదలుట మానిరి. మానిరనుటకంటె మాన్పించిరనుట న్యాయము. భార్య అన్నము మంచముకడకే తెచ్చును. కుమారులు స్నానమునకు నీళ్ళు గదిలోనే పెట్టుదురు. మంచినీళ్ళకు లేవబోయినచో నలుగురు ఒకేసారి వారింతురు. తొమ్మిదవనాటికి జ్వరము, పచ్చని కళ్ళె, ఊపిరాడమి. మరల ఆసుపత్రి, నిమోనియా, మరి పండ్రెండు దినములు. రెండవమారు ఇంటికి వచ్చినప్పుడు ఆ యింటి కోడలు, చదువుకొన్న పిల్ల, పగ్గములు తన చేతికి తీసికొనెను. వరండా గోడపై సుద్దముక్కతో గీతలు గీయుచు, మామగారు ఒకమారు చుట్టివచ్చినప్పుడెల్ల ఒక గీత పెట్టెను. మొదటినాడు నాలుగు గీతలు. మూడవ వారమునకు గోడ చాలలేదు. అత్తగారికి ఆ పిల్లపై కోపము చాలదినము లుండెనని వింటిని.

శ్వాసవ్యాయామమును గూర్చి. వీపునకు ఆనుకొని నిటారుగా కూర్చుండవలెను. ఒక అరచేయి కడుపుపై నుంచి, ముక్కుతో మెల్లగా పీల్చినచో కడుపు చేతిని పైకెత్తవలెను. రెండు మూడు క్షణములు నిలిపి మెల్లగా విడువవలెను. ఇట్లు ఐదారుమారులు, కొంత విరామము, మరల ఐదారు. మేలుకొనియున్నంతసేపు గంట కొకమారు. తల తిరిగినట్లున్నచో ఆపవలెను. పిదప దగ్గు. దగ్గునప్పుడు ఒక దిండునో మడచిన తువాలునో కోతపై అదిమి పట్టుకొన్నచో నొప్పి సగము తగ్గును. కుట్లు తెగునను భయమును పోవును. దగ్గుచేత కుట్లు తెగుట నేను చూడలేదు. దగ్గు మరీ బాధించునప్పుడు అద్దముపై ఆవిరి పట్టించునట్లు నోరు తెరచి, “హా” యని గాలిని బలముగా విడిచినను కళ్ళె పైకి వచ్చును.

మూడు బంతుల పరికర మొకటి ఆసుపత్రివారు ఇచ్చుట మీరు చూచియుందురు. పీల్చినకొలది బంతులు ఒకదాని వెనుక నొకటి లేచును. చాలమంది దానిలో ఊదుదురు! అది ఊదుటకు కాదు, పీల్చుటకు. బంతిని రివ్వున ఎగురగొట్టుట గొప్ప కాదు. మెల్లగా లేపి, పైన కొంచెముసేపు నిలుపుటయే ప్రయోజనము. నిజమునకు ఆ బంతులలో మహిమ యేమియు లేదు. లోతుగా పీల్చుటకును నడచుటకును అవి రోగికి జ్ఞాపకము చేయును, అంతే. పిల్లలున్న యింటిలో తాతగారికి మనుమనితో పందెము పెట్టినచో వ్యాయామము విసుగు లేకుండ సాగును. మనుమనికి వేరొక పరికరము కొనవలెను సుమా, నోటబెట్టుకొను వస్తువు గదా.

ప్రాణాయామమును గూర్చి తప్పక అడుగుదురు. మెల్లగా పీల్చి మెల్లగా విడుచుట పైన చెప్పిన వ్యాయామమే. భస్త్రిక, కపాలభాతి, దీర్ఘకుంభకము మొదలగు బలమైన ప్రక్రియలు గాని, శంఖ మూదుట, బుడగ లూదుట గాని శస్త్రవైద్యుడు అనుమతించువరకు కూడవు. కోసి కుట్టిన శ్వాసనాళపు మొదలు గట్టిపడుటకు వారములు పట్టును. దానిపై లోపలినుండి ఒత్తిడి పెట్టుట మంచిది కాదు.

భుజమును మరువరాదు. నొప్పికి భయపడి ఆ ప్రక్క చేతిని కదల్పనిచో భుజము బిగిసికొనిపోవును. గోడకు ఎదురుగా నిలిచి వ్రేళ్ళతో గోడపై ప్రాకుచు చేతిని కొంచెము కొంచెముగా పైకెత్తుట చాలును. జడ వేసికొనుటయు దండెముపై చిన్నబట్ట ఆరవేయుటయు స్త్రీలకు సహజమైన వ్యాయామములు. బరువులు మాత్రము ఎత్తరాదు. నీళ్ళబిందె, గ్యాసుబండ, మనుమడు, ఈ మూడును వైద్యుడు చెప్పువరకు దూరము.

మెట్లు మన క్వార్టర్లలో తప్పవు. ఎక్కునప్పుడు ఊపిరి విడుచుచు, ఆగి పీల్చుచు, మరల విడుచుచు ఎక్కవలెను. ప్రతి మలుపున నిలువవలెను. నడకలో ఆయాసము రాకూడదని కాదు. నడచుచు ఒక పూర్తి వాక్యము మాట్లాడగలిగినంత ఆయాసము మేలైనదే. వాక్యము మధ్యలో తెగినచో వేగము తగ్గింపవలెను. ఆగిన కొన్ని నిమిషములలో రొప్పు తీరవలెను. నిన్నటికంటె నేడు కొంచెము తక్కువగా నడచినను దిగులు వలదు. కోలుకొనుట తిన్నని గీతవలె సాగదు. వారమునకు వారము పోల్చిచూడుడు.

ఆయాసముతోపాటు భయము వచ్చును. భయముచేత ఊపిరి త్వరపడును. త్వరపడిన ఊపిరి మరింత భయపెట్టును. రాత్రి రెండుగంటల వేళ ఇది అధికము. అట్టి వేళ రోగిని వెల్లకిల పరుండబెట్టరాదు. కూర్చుండబెట్టి, ఎదుట బల్లపై దిండుంచి, దానిపై మోచేతు లానించి ముందునకు వంగునట్లు చేయుడు. ముక్కుతో రెండంకెలు లెక్కించునంతసేపు పీల్చి, పెదవులు ముడిచి నాలుగంకెలు లెక్కించునంతసేపు విడువుమనుడు. ఎదుట దీప మున్నట్లు ఊహించి, అది ఆరక, జ్వాల కొంచెము వంగునట్లు ఊదుమన్నచో మనవారికి సులభముగా తెలియును. చుట్టు మూగినవారిని బయటికి పంపుడు, ఒక్కరు చాలును. ఆ ఒక్కరు విసనకర్రతో మొగముపై, ముక్కు చెక్కిళ్ళు తగులునట్లు మెల్లగా విసరవలెను. ఇది పెద్దమ్మల చాదస్తము కాదు. మొగముపై చల్లగాలి సోకినప్పుడు అచ్చటి నరములు మెదడునకు పంపు వార్తచేత ఊపిరాడని బాధ తగ్గునని నేటి వైద్యులును అంగీకరించి, చేతిపంకాలను సిఫారసు చేయుచున్నారు. మన తాటాకు విసనకర్ర వారికంటె ముందే యున్నది.

ఇంతవరకు చెప్పినది ఎదురుచూడదగిన ఆయాసము: శ్రమతో వచ్చి, ఆగినచో తగ్గి, వారములలో తరుగునది. ఇక రెండవజాతి ఆయాసము వేరు. అది హఠాత్తుగా వచ్చును. ఊరక కూర్చున్నను తగ్గదు. దానికి విసనకర్రయు ధైర్యవచనములును పనికిరావు, తెల్లవారువరకు చూతమనరాదు. ఊపిరి పీల్చినప్పుడు పొడిచినట్లు నొప్పి, ఆయాసము, ఒక కాలి పిక్క వాపు కలిసినచో, కాలి నరములో గడ్డకట్టిన రక్తము తిత్తికి చేరినదేమో యని శంకింపవలెను. మంచముపై కదలకుండుటచే వచ్చు చేటులలో ఇది ఘోరమైనది. గుండె తాళము తప్పి దడదడలాడుట శస్త్రచికిత్స యైన మొదటి దినములలో, అందును పెద్దవయసువారిలో తరచు కానవచ్చును. చికిత్సకు లొంగును, కాని చికిత్స కావలెను. చలి జ్వరము, రంగు మారిన కళ్ళె, నెత్తురు పడుట, కోతకడ చర్మము ఉబ్బి వ్రేలితో నొక్కినచో కరకరలాడుట (గాలి చర్మము క్రిందికి చేరినదని దాని యర్థము), పెదవులు నీలమగుట, మాటలో తడబాటు, మేల్కొలిపినను మగత, ఇవి యన్నియు ఆసుపత్రికి పరుగెత్తవలసిన గుర్తులు. ఒక ప్రక్క తిత్తి యంతయు తీసినవాడు హఠాత్తుగా పలుచని, ఎర్రనీటివంటి ద్రవమును దోసిళ్ళతో కక్కినట్లు దగ్గినచో, లోపలి కుట్టు విడినదని తలచి, శస్త్రచికిత్స యైన ప్రక్క క్రిందికి వచ్చునట్లు పరుండబెట్టి, క్షణమాలస్యము లేక తీసికొనిపోవలెను. మంచితిత్తిలోనికి ఆ ద్రవము దిగకుండుటకే ఈ జాగ్రత్త.

గొంతు బొంగురుపోవుట మరియొకటి. ఎడమప్రక్క శస్త్రచికిత్సలో కంఠనాదమునకు సంబంధించిన నరము గుండెచెంతనుండి పోవుచుండుటచే కొన్నిమారులు దెబ్బతినును. గొంతు మారుటతో పోదు. దగ్గులో బలము తగ్గును, నీళ్ళు త్రాగునప్పుడు పొలమారును. పొలమారిన నీరు తిత్తిలో పడును. “గొంతుదేమున్నది, అదే వచ్చును” అని ఉపేక్షింపక వైద్యునికి చెప్పవలెను.

2020, 2021 సంవత్సరములలో వచ్చిన కరోనా వ్యాధితో వ్రేలికి తగిలించు ఆక్సిజను కొలబద్ద మన యిండ్లన్నింట ప్రవేశించినది. మంచి వస్తువే. కాని గంటకు పదిమారులు చూచుకొని గుండెలు బాదుకొనుట కూడదు. చల్లబడిన వ్రేలిపైనను, గోళ్ళరంగు పూసిన వ్రేలిపైనను అది తప్పు చూపును. ఎంత అంకెకు దిగినచో రావలెనో ఇంటికి పంపునప్పుడే వైద్యు నడిగి వ్రాసికొని, ఆ చీటీని గోడకు అంటించుడు. అంకె బాగుగానే యుండి మనిషి బాధపడుచున్నచో మనిషినే నమ్ముడు. ఇంటిలో ఆక్సిజను పెట్టుమని పంపినచో వారు చెప్పిన కొలతను మనము పెంచరాదు. చిరకాలపు పొగవారికి అధికమైన ఆక్సిజను కీడు చేయును. ఆ గదిలో దీపము, హారతికర్పూరము, అగరువత్తి, అగ్గిపుల్ల ఏవియు కూడవు. దేవునిగది వేరుగా లేని క్వార్టర్లలో మంచము స్థలమైనను మార్చవలెను, దేవుని స్థలమైనను మార్చవలెను.

ఆక్సిజను లేకున్నను సాంబ్రాణిపొగ, దోమలచుట్ట, ఎండుమిరపకాయల తిరగమోత ఘాటు ఈ రోగికి శత్రువులు. ఒక్క దగ్గుతెర వచ్చినచో కోత యంతయు మండిపోవును. వంట మానవలసిన పని లేదు. తలుపు మూసి, కిటికీ తెరచి చేయుడు. ఢిల్లీలో నవంబరునుండి జనవరివరకు గాలి మంచి స్థితిలో లేని దినము లధికము. ఆ దినములలో నడక ఇంటిలోనే కానిండు. వీలున్నంతలో శస్త్రచికిత్స తేదీని ఆ మాసములు తప్పించి అడుగుట మంచిదే, కాని పుట్టకురుపు విషయమున గాలికొరకు కాలమును పోగొట్టుకొనరాదు.

ఉద్యోగులకు ఒక మాట. సగము జీతపు సెలవును వైద్యపత్రముపై కమ్యూటెడ్ సెలవుగా మార్చుకొను సౌకర్యము మనకు గలదు. దానిని చిన్నచిన్న జలుబులకు వ్యయము చేసికొనువారు ఇట్టి సమయమున విచారింతురు. చేరునప్పుడు ఆరోగ్యపత్రము కావలెను. చేరిన మొదటి వారములలో పైయంతస్తు గదినుండి క్రిందికి మార్చుమని అడుగుటకు మొగమాట పడవలదు. లేహ్ వంటి చోట్లకు బదిలీ వచ్చినచో మాత్రము వైద్యుని సలహా లేక కదలరాదు: అది సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తు, అచ్చటి గాలిలో మనకు దొరకు ఆక్సిజను మైదానమున దొరకుదానిలో మూడింట రెండు పాళ్ళే. విమానములోని గాలియు నేలమీది గాలివంటిది కాదు. లోపలి ఒత్తిడి ఆరునుండి ఎనిమిదివేల అడుగుల కొండపై నున్నట్లుండును; ఛాతీలో చిక్కుకొన్న గాలి పైకి పోయినకొలది వ్యాకోచించును. అందుచేత కోలుకొన్న బంధువును హైదరాబాదునకో విశాఖకో విమానములో పంపదలచినచో, ముందు ఎక్స్‌రే తీయించి, శస్త్రవైద్యుని అనుమతి పొందుడు. రైలులోనైనచో క్రిందిబెర్తు, కిటికీ ప్రక్క. గంటకొకమారు లేచి బోగీ చివరివరకు నడచిరావలెను.

కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు. పిల్లల నాటకము ఆలస్యమగుచున్నదట. మూడు బంతుల పరికర మొకటి తెచ్చితిని, ద్వారముచెంత బల్లపై నున్నది. నోటిగొట్టములు వేరువేరుగా కొన్ని పెట్టియున్నాను. పోవునప్పుడు పీల్చి చూచువారు చూడవచ్చును. ఊదవద్దు.